తల్లికి చోటు లేని కుర్చీ

మా ఆస్పత్రి వడ్రంగి షెడ్డులో, విరిగిన మంచాలకీ కాలు ఊడిన స్టూళ్ళకీ మధ్య, టేకుతో చేసిన చిన్న కుర్చీ ఒకటి నేను రిటైరయ్యేదాకా ఉంది. రెండు పక్కలా చెక్కలు, నడుముకి తోలు బెల్టు, ముందు అన్నం గిన్నె పెట్టుకునే పలక, అన్నీ ఉన్నాయి దానికి. చేయించింది నేనే. రెండు వారాలు పట్టుపట్టి వాడించిందీ నేనే. షెడ్డు శుభ్రం చేసినప్పుడల్లా "ఇది పారేయమంటారా?" అని అడిగేవాళ్ళు. వద్దనేదాన్ని. ఎందుకు వద్దనేదాన్నో ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీకు చెప్పాలనిపించింది. మీలో కొందరికి చేతిలో కొత్త సర్టిఫికెట్టూ, ముక్కు మీద కోపమూ ఉండే ఉంటాయి. ఆ వయసులో నాకూ రెండూ దండిగా ఉండేవి.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. మాది కృష్ణా జిల్లా. మా నాన్నగారికి పోర్టులో ఉద్యోగం కావడంతో విశాఖపట్నం వచ్చి సీతమ్మధారలో స్థిరపడ్డాం. నేను మద్రాసులో ఫిజియోథెరపీ చదువుకుని ఓ పెద్ద ఆస్పత్రి పిల్లల విభాగంలో చేరాను. మందుల స్టోరుకీ దుప్పట్ల గదికీ మధ్య ఉన్న ఇరుకు గది నాకిచ్చారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది సెరిబ్రల్ పాల్సీ పిల్లలే. పుట్టుకలోనో, పుట్టిన కొత్తల్లోనో మెదడుకి దెబ్బ తగిలి, ఒళ్ళు తమ మాట వినని పిల్లలు. చెయ్యి చాపుదామంటే కాలు బిగుసుకుంటుంది, నవ్వుదామంటే మెడ వెనక్కి విరుచుకుంటుంది. వాళ్ళని కూర్చోబెట్టడం, నిలబెట్టడం నా పని అనుకునేదాన్ని. తినడం కూడా నా పనేనని ఆ ఏడాదే తెలిసింది.

ఆ పాపకి నాలుగేళ్ళు. చూస్తే రెండేళ్ళ పిల్లలా ఉండేది. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీ కట్టేచోట కాంట్రాక్టరు కింద ఇనుప చువ్వలు వంచే పని చేసేవాడు. విజయనగరం అవతల పల్లెనుంచి వచ్చి గాజువాకలో ఒక గది అద్దెకి తీసుకుని, పిల్ల నానమ్మతో కలిసి ఉండేవారు. ఒకే ఏడాదిలో మూడోసారి నిమోనియాతో తెచ్చారు పిల్లని. ఊపిరి కాస్త కుదుటపడ్డాక మా పెద్ద డాక్టరుగారు తల్లిని పిలిచి, "పిల్లకి అన్నం ఎలా పెడతావో చూపించమ్మా" అన్నారు.

తల్లి నేలమీద కాళ్ళు బారజాపి కూర్చుంది. పసిపిల్లలకి లాలపోసేటప్పుడు పడుకోబెట్టినట్టే పిల్లని కాళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టి, పల్చటి గంజి ఉగ్గుగిన్నెతో నోట్లో పోసింది. పిల్ల గుటకేసింది, దగ్గింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మళ్ళీ నోరు తెరిచింది. నాలుగేళ్ళుగా అదే వరస. నెలల పిల్లకి చేసినది నాలుగేళ్ళ పిల్లకీ చేస్తోంది, ఎందుకంటే పిల్ల అక్కడే ఆగిపోయింది.

"ఆ గంజిలో సగం ఊపిరితిత్తుల్లోకి పోతోంది" అన్నారు డాక్టరుగారు నాతో. గోదావరి జిల్లా మనిషి. ఎంత గట్టి మాటైనా మెల్లగా చెప్పేవారు. "ఇంకోసారి నిమోనియా వస్తే ఈ పిల్ల తట్టుకోలేదు. మూడు వారాలు ఇక్కడే ఉంచుకుందాం. నువ్వు తినడం నేర్పించు. బరువు ఈ గీత దాటాలి." పాప తూకం కాగితం మీద ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీశారు. "దాటకపోయినా, ఈలోగా మళ్ళీ పొలమారి జ్వరం వచ్చినా, ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసేద్దాం. ఆకలైనా తీరుతుంది."

గొట్టం మాట వినగానే తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"గొట్టం వొద్దు మేడమ్గారూ. నడక నేదు, మాట నేదు. కూడు తిన్నప్పుడే నా గుంట నాతో మాటాడతాది. గొట్టం ఏసేత్తే మరి నాతో ఏటి మాటాడతాది?"

మాటే లేని పిల్ల మాట్లాడటమేమిటి అనుకున్నాను. పాపం, తల్లి మనసు అలా అనుకుంటుంది అని జాలిపడి, ఆ మాటని అక్కడే వదిలేశాను. నా మొదటి తప్పు అదే. మిగతావన్నీ దాని పిల్లలు.

మర్నాడే వడ్రంగి షెడ్డుకి వెళ్ళాను. అక్కడి వడ్రంగి అనకాపల్లి వైపు మనిషి. ఎప్పుడూ చెవి మీద పెన్సిలు ఉండేది. పుస్తకంలో బొమ్మ చూపించి, కొలతలిచ్చి, కుర్చీ చేయమన్నాను. రెండు రోజుల్లో చేసి తెచ్చాడు. నేను మురిసిపోతూ చుట్టూ తిరిగి చూస్తుంటే, అతను పెన్సిలుతో తల గోక్కున్నాడు.

"గుంట ఇందల కూసుంటాది. బాగుంది. మరి తల్లెక్కడ కూసుంటాది మేడమ్గారూ?"

"తల్లి పక్కన నిలబడుతుంది."

"నిలబడి కూడు పెడతాదేటి?" అని నసిగి, నా మొహం చూసి, "సర్లెండి, మీరు సదువుకున్నోరు" అని వెళ్ళిపోయాడు.

కుర్చీతోపాటు నేను నియమాలు కూడా పెట్టాను. పాప అటూ ఇటూ చూస్తే ఒళ్ళు బిగుస్తుంది కాబట్టి కుర్చీ గోడవైపు తిప్పి ఉండాలి. ఉత్సాహం వచ్చినా బిగుస్తుంది కాబట్టి తినేటప్పుడు తల్లి మాట్లాడకూడదు. చేత్తో పెట్టకూడదు, స్టీలు చెంచాతోనే పెట్టాలి. చేప అసలే కూడదు, ముల్లు ఉంటుంది. ఇరవై నిమిషాల్లో ముగించాలి. గోడ గడియారం కూడా పెట్టించాను. తల వెనక్కి వాలకుండా నిటారుగా కూర్చోబెట్టాలనీ, పల్చటి గంజి కాక ముద్దగా ఉన్న అన్నమే పెట్టాలనీ కూడా చెప్పాను. ఆ రెండూ సరైనవే. తక్కినవాటి సంగతి వినండి.

తల్లి నోరు మూసుకుని పక్కన నిలబడి చెంచా పెట్టేది. పాప ఆ చెంచాని పళ్ళతో గట్టిగా కరిచి పట్టుకునేది. ఒళ్ళు బిగిసిన పిల్లలకి పళ్ళకి ఇనుము తగిలితే దవడ పట్టేస్తుందని నేనూ చదివాను. కానీ పరీక్ష రాసిన సాయంత్రమే మరిచిపోయాను. చెంచా లాగితే ఏడుపు. ఏడిస్తే అన్నం బయటికి. గోడ గడియారం ఇరవై నిమిషాలు చూపించగానే నేను "చాలు" అనేదాన్ని. మొదటి వారం చివర తూకం కాగితం మీద చుక్క గీతవైపు వెళ్ళకపోగా కాస్త కిందికి జరిగింది.

"అలవాటు పడాలి కదా సార్" అన్నాను డాక్టరుగారితో.

రెండో వారంలో చుక్క పైకి జరిగింది. బాగానే జరిగింది. నా కాళ్ళు నేలమీద నిలవలేదు. డాక్టరుగారి గదికి వెళ్ళి అరగంట సేపు కుర్చీ గొప్పతనం చెప్పాను. ఇలాంటివి మరో ఆరు చేయించాలనీ, పెద్ద ఊళ్ళనుంచి డాక్టర్లు వచ్చి చూసి వెళ్ళాలనీ చెప్పినట్టు గుర్తు. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విని, "మంచిదమ్మా" అన్నారు.

ఆ మర్నాడు మధ్యాహ్నం భోజనానికి కేరేజీ విప్పబోతుంటే మా వార్డు ఆయా గుమ్మంలో నిలబడింది. పాతికేళ్ళ సర్వీసు ఆమెది. వార్డులో ఎవరు ఎప్పుడు ఎందుకు ఏడుస్తారో డాక్టర్లకంటే ఆమెకే బాగా తెలుసు.

"మీకో మాట సెప్తాను మేడమ్గారూ. నా మీద అరవకండి."

"చెప్పు."

"మీ కుర్సీల ఆ గుంట రెండు సెంచాలు మించి తింతం నేదు. మీరు బోయినానికి ఎల్లగానే ఆళ్ళమ్మ దుప్పట్ల గది ఎనకాల వరండాలకి ఎత్తుకెల్లిపోతంది. ఇంటికాడ్నించి అత్త పంపిన కేరేజీ ఇప్పి సేత్తో పెడతంది. గిన్నె కాలీ అయిపోతంది. వారం రోజులై సూత్తన్నాను. మీరు కుర్సీ అని సంబరపడిపోతంటే సెప్పబుద్ధి కాలేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. వారం రోజులుగా నన్ను వెర్రిదాన్ని చేశారన్నమాట. కేరేజీ అక్కడే వదిలేసి విసవిసా నడిచాను. వరండాలో గోడకి ఆనుకుని తల్లి వీపు కనిపించింది. చేతిలో అన్నం ముద్ద కనిపించింది. పక్కన గిన్నెలో చేప కనిపించింది. ఇంకేమీ చూడలేదు నేను.

"ఏం చేస్తున్నావక్కడ! చంపేస్తావా పిల్లని!"

నా గొంతు మామూలుగానే పెద్దది. వరండాలో ఖంగుమంది. పాప ఉలిక్కిపడింది. ఇలాంటి పిల్లలు ఉలిక్కిపడటం మన ఉలికిపాటు లాంటిది కాదు. చేతులు రెండూ విసిరేసినట్టు పక్కలకి పోయాయి, మెడ వెనక్కి విరిగింది, నోట్లో ఉన్న ముద్ద అడ్డం తిరిగింది. దగ్గు రాలేదు. ఊపిరి రాలేదు. పెదాలు నేరేడుపండు రంగులోకి తిరిగాయి.

నేను కొయ్యబారిపోయాను. చదువంతా ఎటు పోయిందో తెలీదు. తల్లి మాత్రం పిల్లని ఒక్క తిప్పులో ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది. ముద్ద నేలమీద పడింది. పాప కీచుమని ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

తల్లి పిల్లని గుండెకి అదుముకుని నావైపు చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"అది తిన్నప్పుడు అరవకూడదు మేడమ్గారూ. మా అత్తకీ సెప్పినాను, నా మొగుడికీ సెప్పినాను. మీకు సెప్పనేదు. మీకు తెలుసుననుకున్నాను."

నేను గదికి వచ్చేశాను. ఆ రోజు భోజనం చెయ్యలేదు.

సాయంత్రానికి పాపకి ఒళ్ళు వెచ్చబడింది. తెల్లారేసరికి కేసు షీటులో నర్సు రాసిన వాక్యం ఉంది: చెప్పిన కుర్చీ వాడకుండా తల్లి వరండాలో చేత్తో తినిపించగా పొలమారింది, జ్వరం. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నా పేరూ లేదు. డాక్టరుగారు అది చదివి, పాప ఛాతీ విని, "ప్రస్తుతానికి శుభ్రంగానే ఉంది. కానీ ఇంక ఆగడం మంచిది కాదు, గొట్టం వేసేద్దాం" అన్నారు. గొట్టం ట్రే తెచ్చి మంచం పక్క బల్ల మీద పెట్టారు, పైన తెల్లగుడ్డ కప్పి. తల్లి ఆ గుడ్డవైపే చూస్తోంది. నా గురించి ఒక్క మాట చెప్పలేదు. ఆమె చెబితే ఎవరు నమ్ముతారు? నేను ఊరుకుంటే సరిపోయేది. అంత సుళువు.

"సార్" అన్నాను. "పిల్లకి పొలమారింది తల్లి వల్ల కాదు. నేను వెనకనుంచి వెళ్ళి గట్టిగా అరిచాను. నా అరుపుకి ఉలిక్కిపడింది."

ఆయన కళ్ళజోడు తీశారు.

"ఇంకోటి కూడా సార్. బరువు పెరిగింది కుర్చీలో తిని కాదు. వారం రోజులుగా ఈమె వరండాలో తినిపించినదానికి పెరిగింది. నేను పప్పులో కాలేశాను."

"మొన్న అరగంట చెప్పావు కదమ్మా కుర్చీ గురించి."

"అదంతా కొట్టేయండి సార్. ఒక్క పూట గొట్టం ఆపండి. ఈమె ఎలా పెడుతుందో మీరూ చూడండి, నేనూ చూస్తాను. నేను ఇంతవరకూ చూడనేలేదు."

ఆయన తూకం కాగితం తీసి చూశారు. చుక్క ఇంకా ఎర్రగీత కిందే ఉంది, అంగుళం దూరంలో. "మధ్యాహ్నం, నా ఎదురుగా" అన్నారు చివరికి. "ఒక్కసారి పొలమారినా నేను ఎవరి మాటా వినను."

మధ్యాహ్నం వార్డు మూల తెర కట్టించారు. డాక్టరుగారు స్టూలు మీద, చెవులకి స్టెతస్కోపుతో. నేను గోడ పక్కన. ఆయా గుమ్మం దగ్గర, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ. ట్రే బల్ల మీదే ఉంది.

తల్లి పీట వేసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. పిల్లని కాళ్ళమీద పడుకోబెట్టలేదు. తొడమీద పక్కగా కూర్చోబెట్టి, పాదాలు నేలకి ఆనించి, ఎడమచెయ్యి భుజాల వెనకనుంచి తిప్పి తల కొంచెం ముందుకి వంచింది. ఇద్దరి మొహాలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి.

"ఇలా కూర్చోబెట్టడం ఎవరు నేర్పారమ్మా?" అడిగారు డాక్టరుగారు.

"మేడమ్గారే బాబూ. తల ఎనక్కి పోతే గొంతు తప్పుతాదన్నారు. ఆ మాట నిజవే. అందికే కూసోబెట్టినాను. ముద్దకూడూ మేడమ్గారు సెప్పిందే. సెంచాయే దానికి నచ్చలేదు. గోడకేసి కూసోడం అసలే నచ్చలేదు."

పళ్ళెంలో ఒకవైపు పప్పన్నం, ఒకవైపు చేపపులుసు అన్నం. డాక్టరుగారు ముందుకి వంగారు. "ముల్లుంటుంది కదమ్మా?"

"నా సేతి ఏళ్ళు సూత్తాయి బాబూ." అంటూనే అన్నంలోంచి వెంట్రుకంత ముల్లు తీసి పక్కన పెట్టింది. చెంచాకి ఆ సంగతి ఏం తెలుస్తుంది?

తర్వాత పిల్ల మొహంలోకి చూసి అడిగింది. "పప్పా? సేపా?"

అడిగి, ఆగింది. నేను అలవాటుకొద్దీ లెక్కపెట్టుకున్నాను. ఏడు వచ్చింది. ఆ ఏడు అంకెల్లో నా చెంచా అయితే మూడుసార్లు వెళ్ళి వచ్చేది. పాప తల ఊగింది, కళ్ళు ఎటో తిరిగాయి, పైకప్పు చూశాయి, మెల్లగా పళ్ళెం మీదికి దిగి చేపవైపు ఆగాయి.

"సేపంట" అంది తల్లి, ఎంతో మామూలుగా. మాట లేదని నేను రాసుకున్న పిల్ల రోజుకి మూడు పూటలా మాట్లాడుతోంది.

చిక్కుడు గింజంత ముద్ద. దాన్ని నోటి మధ్యలో కాక పక్కన, దంతాలకీ బుగ్గకీ మధ్య పెట్టింది. పెట్టిన ఆ చేత్తోనే బొటనవేలు చెంప మీద, చూపుడువేలు పెదవి కింద, నడిమివేలు గడ్డం అడుగున ఆనించి దవడని మెత్తగా మూసింది. మద్రాసులో మా పుస్తకంలో సరిగ్గా ఈ మూడువేళ్ళ పట్టుకే ఒక పేజీ నిండా బొమ్మ ఉంది. దానికి నేను పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్నాను. ఈమె చేతికి ఆ పట్టు తనంతట తానే వచ్చింది. ఆ చేతినే నేను వద్దన్నాను.

గొంతు కదిలేదాకా ఆగి, "ఊఁ?" అనేది. పాప పెదవి విప్పితే ఇంకో ముద్ద. నాలుగు ముద్దలు వెళ్ళాక పాప పెదాలు బిగించేసింది. కళ్ళు మూసుకుంది. అయిపోయింది అనుకున్నాను.

"ఇప్పుడొద్దంతంది" అంది తల్లి. "అందరూ సూత్తన్నారని సిగ్గు."

అంత పెద్ద డాక్టరుగారు వెంటనే స్టూలు తిప్పుకుని కిటికీవైపు చూస్తూ కూర్చున్నారు. నేను గోడవైపు తిరిగాను. ఆయా తుడుపుగుడ్డ వైపు. తల్లి ఆ వ్యవధిలో పిల్లకి వాళ్ళ వీధి కబుర్లు చెప్పింది. పక్కింటి పిల్లి వాళ్ళ పాలు తాగేసిందట, నాన్న చెప్పుతో వెంటపడి తానే జారిపడ్డాడట. పాప కిసుక్కున నవ్వింది. ఒళ్ళు బిగిసింది, నిజమే. తల్లి ఆ బిగువు వదిలేదాకా ఊరుకుని అప్పుడు మళ్ళీ అడిగింది. "పప్పా? సేపా?"

మొత్తం నలభై నిమిషాలు పట్టింది. ఒక్కసారి కూడా పొలమారలేదు. డాక్టరుగారు పాప వీపు మీద రెండు వైపులా స్టెతస్కోపు పెట్టి విన్నారు. మళ్ళీ విన్నారు. లేచి, బల్ల మీది ట్రే గుడ్డతో సహా తీసి ఆయా చేతికిచ్చి, "స్టోర్లో ఇచ్చెయ్" అన్నారు. ఆయా ఆ ట్రేని దేవుడి పల్లకీ మోసినట్టు మోసుకెళ్ళింది. తర్వాత ఆయన కేసు షీటు తీసుకుని, నర్సు రాసినదాని కింద తన చేత్తో రాశారు: తల్లి తినిపించే పద్ధతి సరైనది. పిల్ల తింటున్నప్పుడు సిబ్బంది అరవకూడదు. సంతకం పెట్టి, నాకు చూపించి, నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ.

జ్వరం మర్నాటికే పోయింది. మూడోవారం తూకంలో చుక్క ఎర్రగీత దాటి నిలబడింది. ఆయా అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది, అదీ మెల్లగా, పాప ఉలిక్కిపడకుండా. ఆ తర్వాత ప్రతి బుధవారం మా వరండాలో తల్లుల భోజనాలు మొదలయ్యాయి. ఆ తల్లి గాజువాకనుంచి బస్సులో పిల్లని చంకనేసుకుని వచ్చి, కొత్తగా వచ్చిన తల్లుల పక్కన కూర్చుని, "ఓలమ్మా, నోట్లో కుక్కీకండి. అడగండి. అడిగి ఆగండి" అనేది. నేను పక్కన కూర్చుని మెడలూ నడుములూ సరిచేసేదాన్ని. వడ్రంగి తల్లులకి వీపు ఆనేలా వెనక చెక్క ఉన్న పీటలు పది చేసిచ్చాడు. "ఇప్పుడు తల్లికి సోటుంది" అన్నాడు, చెవి మీది పెన్సిలు సర్దుకుంటూ. ఆ పిల్లకి మళ్ళీ నిమోనియా రాలేదు. పదేళ్ళ వయసులో చూశాను, మా ఆయా బుగ్గలంత బుగ్గలు.

కానీ నేను దాచుకున్నది ఆ మధ్యాహ్నంలోని చివరి ముద్ద. డాక్టరుగారు వెళ్ళిపోయారు. పళ్ళెంలో కాస్త చేప అన్నం మిగిలింది. తల్లి ఆఖరిసారి అడిగింది. పాప కళ్ళు పళ్ళెం మీదికి వచ్చాయి, చేప దగ్గర ఆగాయి, అక్కడినుంచి లేచి, మెల్లగా, తడబడుతూ, గోడ పక్కన నిలబడ్డ నా మీదికి వచ్చి నిలిచాయి. మళ్ళీ పళ్ళెం మీదికి. మళ్ళీ నా మీదికి.

"మీకు పెట్టమంతంది" అంది తల్లి.

నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు నేను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వెళ్ళి ఆ పీట పక్కన నేలమీద కూర్చున్నాను. తల్లి ముద్ద కలిపి, వేళ్ళతో నలిపి ముల్లు చూసి, నా నోటిదాకా తెచ్చి, "ఊఁ?" అని అడిగింది.

అడిగి, నేను నోరు తెరిచేదాకా ఆగింది.